ఎవరికీ అందని హెచ్చరిక

పరిశోధన సంస్థలోని పద్నాలుగు సర్వర్ల బాగోగులు చూసే ఆమెను అందరూ సర్వరక్క అనేవారు. తలుపుకు తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఒక్కరి ఫైలు కూడా పోనివ్వలేదు.

ఆ రోజు పదకొండింటికి సర్వర్ల భవనానికి కరెంటు ఆపి, కేబుళ్ళూ బ్యాటరీలూ మార్చనున్నారు. అప్పటికి ఇరవై ముగ్గురు ఎక్కడెక్కడి నుంచో వాటిలోకి లాగిన్ అయి పని చేసుకుంటున్నారు. వారిని హెచ్చరించడానికి ఆమె కంప్యూటర్లకు ఆదేశాలిచ్చే ఒక చిన్న స్క్రిప్టు రాసి, పదిన్నరకు తన గదిలో నుంచే అన్ని సర్వర్లలోనూ నడిపింది. "పదకొండింటికి సర్వర్లు ఆగిపోతాయి, మీ పని సేవ్ చేసుకోండి" అన్న వాక్యం ఆమె తెరపై పద్నాలుగు సార్లు వచ్చింది. లెక్కపెట్టుకుని, తృప్తిపడి, టీ కలుపుకుంది.

పది నలభై ఎనిమిదికి లాగిన్ల జాబితా చూసింది. ఇరవై ముగ్గురూ ఉన్నారు. ఒక్కరూ కదలలేదు.

స్క్రిప్టు సర్వర్లలో నడిచిన మాట నిజమే. కానీ అది చెప్పిన వాక్యాన్ని ప్రతి సర్వరూ నడపమన్న మనిషికే తిప్పి పంపింది. ఆ హెచ్చరిక చదివింది ఆమె ఒక్కతే.

ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి, పావుగంట ఆగమని బతిమాలింది.

"నా చేతిలో ఉంటే గంటైనా ఆపుదునమ్మా. లైను తీసేది బయటివాళ్ళు. వాళ్ళకు నా మాటంటే ఖాతరే లేదు."

వాక్యాన్ని లాగిన్ అయిన ప్రతి ఒక్కరి తెర మీదా చూపమన్న ఆదేశాన్ని స్క్రిప్టులో చేర్చింది. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి నడిచేసరికి పది యాభై మూడు. జాబితా తరగసాగింది: పందొమ్మిది, పదకొండు, నాలుగు. పది యాభై ఏడుకు ఒకే పేరు మిగిలింది. కణాల పొరల మీద పనిచేసే పెద్దాయనది. ఆయన మీట నొక్కి నలభై నిమిషాలైంది. మూడు వారాలుగా ఒక లెక్క నడుస్తోంది. మధ్యలో సేవ్ చేసే అలవాటు ఆయనకు లేదని సంస్థంతటికీ తెలుసు.

ఫోన్ ఆయన భార్య ఎత్తింది. ఆయన ఫోను బల్ల మీదే వదిలేసి మందుల షాపుకు వెళ్ళారట.

"పిన్నిగారూ, ఆయన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళండి, త్వరగా."

"అది ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తారమ్మా. ఇదేమిటి, పదకొండింటికి ఆగిపోతాయని రాసుంది?"

"తిట్లన్నీ నేను పడతాను. నేను చెప్పే అక్షరాలు కొట్టండి."

ఎస్, ఏ, వీ, ఈ. ఆవిడ ఒక్కో అక్షరాన్నీ వెతికి వెతికి కొట్టింది. ఎంటర్ మీట కనిపించడం లేదంది. కుడివైపు, వంకర బాణం గుర్తు ఉన్న మీట అని సర్వరక్క చెప్పింది.

"నొక్కాను" అన్న మాట వినబడింది. అంతలోనే ఆమె తెర మీది జాబితా నిలిచిపోయింది. పదకొండయింది.

కరెంటు నాలుగింటికి వచ్చింది. ఆ ఐదు గంటలూ ఆమె మంచినీళ్ళైనా ముట్టలేదు. సర్వర్ లేవగానే వెతికితే, పది గంటల యాభై తొమ్మిది నిమిషాల యాభై రెండు సెకన్లకు రాసిన ఫైలు కనిపించింది. ఉండడం వేరు, నిండుగా ఉండడం వేరు. చివరి వరస దాకా దిగి చూసింది. అంకెలన్నీ ఉన్నాయి.

పెద్దాయనకు ఫోన్ చేసి, తన తప్పు దాచకుండా చెప్పింది.

"అయితే మా ఆవిడ నా కంప్యూటర్ ముట్టుకుందన్నమాట."

"ముట్టుకున్నారండీ."

ఫోన్ పెట్టేశాక లేవబోయింది. మళ్ళీ కూర్చుని, ఆ ఫైలును ఇంకో రెండుసార్లు చివరి వరస దాకా చూసుకుంది.