కొత్త నీళ్లు

చేపల ప్రయోగశాలలో ఆమెను అందరూ నత్తమ్మ అంటారు. చేపలు వేడికి ఎలా అలవాటుపడతాయో చూసే తొట్టిలో నీటిని రోజుకు ఒక్క డిగ్రీకి మించి వేడెక్కనివ్వదు మరి. నీరు వెచ్చబడితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేప మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, మేత ముట్టదు. ఒళ్లు లోలోపల సర్దుకున్నాకే మొప్పలు నెమ్మదిస్తాయి. అప్పటిదాకా నత్తమ్మ తొట్టి అద్దం మీద వేలైనా పెట్టదు. అమ్మమ్మ దగ్గర పెరిగిన ఆమె సవతి కూతురు ఇంటికొచ్చి వారమైంది. రోజూ కంచం ముందు నుంచి లేచిపోతోంది. "దగ్గర కూర్చుని బతిమాలవచ్చుగా?" అని భర్త విసుక్కున్నాడు. "కొత్త నీళ్లు కదండీ, ఒంటికి పట్టనివ్వండి," అంది కూర తరుగుతూ. మర్నాడు పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, "పిన్నీ, ఆకలేస్తోంది," అంది. గిన్నెడు అన్నమూ వడ్డించేయాలనిపించింది నత్తమ్మకు. ఒక్క గరిటె మాత్రం పెట్టి, పొయ్యివైపు తిరిగింది.