శనివారం నాటి మీట్‌బాల్స్

పిట్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు, దగ్గర్లోని ఓ కొండ ఊరికి రూమ్మేట్ శ్రీకాంత్‌తో కలిసి వెళ్లాను. బొగ్గు గనుల్లో పనికని ఒకప్పుడు ఇటలీ నుంచి వచ్చినవాళ్ల ఊరది. మా క్లాస్‌మేట్ మరియా వాళ్ల నానమ్మ భోజనానికి పిలిచింది.

బీఫ్ వద్దని మరియా ముందే చెప్పడంతో, ఆవిడ మా కోసం ప్రత్యేకంగా చికెన్ కైమా ఉండలు, అదే మీట్‌బాల్స్, చేసి స్పగెట్టి నూడుల్స్ మీద వడ్డించింది. తీరా కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ రోజు శనివారం. శనివారం నేను నీచు ముట్టను.

“స్టమక్ అప్‌సెట్ అని చెప్పేయ్‌రా,” అని గొణిగాడు శ్రీకాంత్.

ఆవిడ ముఖం చూస్తే అబద్ధం నోటికి రాలేదు. “మా దేవుడి కోసం శనివారం మాంసం తిననండీ,” అన్నాను ఇంగ్లిష్‌లో, బెరుగ్గా. ఈ మాటంటే యూనివర్సిటీలో అందరూ వంద ప్రశ్నలు వేస్తారు.

ఆవిడ ఒక్కటీ వేయలేదు. “మా అమ్మకి శుక్రవారం,” అంటూ నా ప్లేటు తీసేసి స్టవ్ వెలిగించింది. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేగుతుంటే అచ్చం మా ఇంటి పోపు వాసన. ప్రాణం లేచొచ్చింది.

వేడి స్పగెట్టి నా ముందు పెట్టి, శ్రీకాంత్ వైపు తిరిగింది.

“మరి నీకు ఏ వారం?”

అప్పటికే వాడి నోట్లో రెండో మీట్‌బాల్ ఉంది.