పెన్నీ పన్నుకు వర్డెల్ వేసిన ఓటు

వర్డెల్ గాస్కిన్స్ స్కూలు బస్సు నడపబట్టి ఏళ్లూ పూళ్లూ అయింది. ఆమె దారిలో ఒక చెక్క వంతెన ఉంది. పిల్లలతో నిండిన బస్సును అది మొయ్యలేదని కౌంటీ సర్కారువాళ్లు ఎప్పుడో బోర్డు పెట్టి చేతులు దులుపుకున్నారు. అందుకని రోజూ పొద్దున్నే వర్డెల్ వంతెనకు ఇవతల బస్సు ఆపుతుంది. పిల్లలు దిగి నడిచి అవతలికి వెళతారు. వెనకాలే ఆమె ఖాళీ బస్సును మెల్లగా దాటిస్తుంది, మళ్లీ అందరూ ఎక్కుతారు. అమెరికాలోని ఆ జార్జియా పల్లెల్లో ఇదేమీ వింత కాదు.

పిల్లలంతా ఎక్కేశాక కూడా వర్డెల్ వెంటనే తలుపు వెయ్యదు. ఇంజను ఆపి చెవి ఒగ్గుతుంది. ఖాళీ వంతెన చెక్కల మీద టకటకమని చిన్న అడుగులు వస్తాయి. చివరి చెక్క దాకా వచ్చి ఆగిపోతాయి. అప్పుడు తలుపు వేస్తుంది. అవి ఎవరివో ఆమెకు తెలుసు. చెల్లెలు కోరలీ చిన్నప్పుడు ఈ వంతెన మీద నుంచే వాగులో పడిపోయింది. ఆ రోజు పందెం కట్టి అక్క ముందు పరిగెత్తింది, చెల్లెలు వెనకబడింది. అప్పటి నుంచి వర్డెల్ ఆ వంతెనను చక్రాల మీద దాటడమే కానీ కాలు మోపలేదు.

కొత్త వంతెన రావాలంటే పెన్నీ పన్ను నెగ్గాలి. డాలరు పెట్టి ఏది కొన్నా పైన ఒక పెన్నీ, అంటే ఒక సెంటు, రోడ్లకూ వంతెనలకూ పోతుంది. కౌంటీ జనమే ఓటు వేసి ఒప్పుకోవాలి. రెండుసార్లు ఓడిపోయింది. పెట్రోలు బంకు హార్లన్ టీగ్ పిసినారితనం వల్లే పోయిందని చర్చిలో అందరూ ఆడిపోసుకున్నారు. పాపం హార్లన్! వద్దని వేసినవాళ్లలో వర్డెల్ కూడా ఉందని ఎవరనుకుంటారు? పాత వంతెన పడగొడితే ఆ అడుగులు ఎక్కడికి పోతాయి? ఆమె భయమంతా అదే. పిల్లల ప్రాణాలతో చెలగాటమని తెలుసు. తెలిసే వేసింది.

మూడోసారి ఓటింగు దగ్గర పడింది. పొగమంచు కమ్మిన ఒక పొద్దున, పిల్లలు దాటుతుండగా చెక్క ఫెళ్లున విరిగింది. అందరికన్నా వెనక నడుస్తున్న జోలీన్ అనే పిల్ల బస్సు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“ఏమైందే? దెబ్బ తగిలిందా?”

“లేదు మిస్ వర్డెల్. కాలు లోపలికి దిగిపోయింది. ఎవరో బ్యాగు పట్టుకుని వెనక్కి లాగారు.”

“ఎవరు?”

“ఏమో! నేనే ఆఖరిదాన్ని, నా వెనక ఎవరూ లేరు. చెయ్యి మాత్రం మెడకి తగిలింది. ఎంత చల్లగా ఉందో!”

వర్డెల్‌కు ఆ చెయ్యి ఎవరిదో తెలిసింది. ఆ పిల్లను గట్టిగా హత్తుకుంది. విరిగిన చెక్క ఒక్కటీ మార్చి కౌంటీవాళ్లు మళ్లీ చేతులు దులుపుకున్నారు.

ఓటింగు రోజు చర్చి హాలు ముందు హార్లన్ ఎదురయ్యాడు. “పెన్నీ పెన్నీ అంటూ మన చొక్కాలు కూడా ఊడబీకుతారు, మిస్ వర్డెల్!”

“నీ చొక్కా ఎవడికి కావాలి హార్లన్? ఉతికి ఎన్నాళ్లయిందో!”

నవ్వుతూనే లోపలికి వెళ్లింది. ఈసారి పన్ను ‘కావాలి’ అన్న చోట ఓటు వేసింది. చెల్లెల్ని తన చేత్తో తనే వాగులోకి తోస్తున్నట్టు అనిపించి ఏడ్చింది.

పన్ను నెగ్గింది. మర్నాడు సాయంత్రం పిల్లల్ని దింపేసి, బస్సును అవతలే వదిలేసి, వర్డెల్ వంతెన మీద కాలు పెట్టింది. సగం దూరం వచ్చేసరికి పక్కన చిన్న అడుగులు మొదలయ్యాయి.

“నేనే వచ్చానే కోరలీ. ముసల్దాన్నైపోయాను. ఈసారి ముందు పరిగెత్తనులే, పద, ఇంటికి పోదాం.”

చల్లని చిన్న చెయ్యి ఒకటి ఆమె వేళ్లు పట్టుకుంది. ఇద్దరి అడుగులూ చెక్కల మీద కలిసి వినిపించాయి. చివరి చెక్క దాటి వర్డెల్ మట్టి మీదకు దిగింది. మట్టి మీద అడుగుల చప్పుడు వినపడదు. చెల్లెలు దిగిందో, అక్కడే ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు. తిరిగి చూసే ధైర్యం లేక, ముడిచిన వేళ్లు విప్పకుండా, అలాగే ఇంటి దాకా నడిచింది.