వంకాయ మడిలో పరిచిన వరిగడ్డి

మొన్న పెద్దవంగరలో మా మరిది మిరప చేను చూడబోతే, బోదెల మీద వెండి రంగు ప్లాస్టిక్ పట్టా పరిచి, దానికి చిల్లులు పెట్టి మొక్కలు నాటించాడు. చేనంతా వెదికినా కలుపు మొక్క ఒక్కటి లేదు. తోడొచ్చిన వాళ్లంతా మెచ్చుకుంటుంటే నేను మాత్రం గట్టు దిగలేకపోయాను.

నేను కాపురానికి వచ్చిన తొలి ఏళ్లలో మా అత్తకు నడుము నొప్పి. వానకాలమంతా వంగి కలుపు తీయడం, పొద్దు గూకితే గోడకు ఒరిగి మూలగడం. తల్లి లేని నన్ను కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి. ఆ బాధ చూడలేక, మా మేనమామ తోటలో చూసిన పద్ధతిలోనే, పెరటి వంకాయ మడిలో నేల కనిపించకుండా వరిగడ్డి మందంగా పరిచాను. నిజంగానే కలుపు అణిగింది, తడి కూడా తొందరగా ఆరలేదు. అత్త వాడంతా చెప్పుకుని మురిసింది.

ఒక పొద్దున కాయలు కోస్తుండగా, ఆ గడ్డిలో ముడుచుకుని ఉన్న రక్తపింజర ఆమె చేతిని కాటేసింది. మా మామగారు దవాఖానకు పోనివ్వక పక్క ఊరి మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి చేయి మోచేతి దాకా నల్లబడ్డాక గానీ జీపు మాట్లాడలేదు. పెద్ద దవాఖానలో మూడు రోజులు బతికింది. "ఆ గడ్డి నేనే పరిచిన అత్తమ్మా, నేనే నిన్ను చంపుకున్న" అని నేను మంచం పట్టుకుని ఏడిస్తే, "ఏడ్వకు బిడ్డా, గీ వానకాలమే జర నడుమెత్తి నడిచిన" అంది. అవే నాతో ఆమె ఆఖరి మాటలు.

దినాలు అయ్యాక మామ గడ్డినంతా కుప్ప చేసి తగలబెట్టాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందుకే ఇంకా ఎక్కువ కుమిలిపోయాను. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఆ మడిలో కలుపు చేత్తోనే తీశాను.

ఇప్పుడు ఫోను చేస్తే బండి వాకిట్లోకే వస్తోంది, పాము కాటు సూది దగ్గరి దవాఖానలోనే దొరుకుతోంది. సంతోషమే. కానీ నన్ను తినేసేది గడ్డి పరిచిన తప్పు కాదని ఈ వయసుకు తెలిసింది. మంత్రగాడి అరుగు మీద, ఉబ్బుతున్న ఆమె చేతిని ఒళ్లో పెట్టుకుని పూటంతా కూర్చున్నాను. దవాఖానకు పోదామన్న మాట నోటిదాకా వచ్చింది, మామ ముందు పెదవి దాటలేదు. ఈ కాలపు కోడళ్లు మామలకు ఎదురు చెబుతున్నారని మన వయసు వాళ్లు నొచ్చుకుంటారు గానీ, వాళ్ల గొంతు విన్నప్పుడల్లా నాకు మాత్రం ఈర్ష్యగా ఉంటుంది.