వికలాంగుల ప్రతినిధి: ఒకరు

1981 జూన్‌లో నన్ను విశాఖపట్నంలోని ఒక సంక్షేమ కార్యాలయానికి సూపరింటెండెంటుగా వేశారు. పేరు పెద్దదే గానీ, గుమాస్తాలు రాసిన ఫైలును అధికారి బల్ల మీదికి వెళ్ళేముందు సరిచూడడమే ఆ పని. చేరిన వారానికే హైదరాబాదు నుంచి ఒక జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చింది. వికలాంగులకు ఏయే ఉద్యోగాలు అనువైనవో జాబితా పంపాలి, అందుకొక కమిటీ వేయాలి. అందులో ఏడుగురు అధికారులు. ఎనిమిదో వరుసలో ‘వికలాంగుల ప్రతినిధి: ఒకరు’ అని ఉంది. ఆ ఒకరు ఎవరో, ఎవరు ఎంచుకోవాలో ఎక్కడా లేదు.

మా అధికారి నన్నే వెతకమన్నారు. వన్‌టౌన్‌లో రహంతుల్లా గారు వాచీలు బాగుచేసేవారు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. చక్రాల పీట మీద కూర్చుని చేతులతో నెట్టుకుంటూ తిరిగేవారు. చదువుకున్నారు, నలుగురిలో మాట్లాడగలరు. ఇంతకంటే ఏం కావాలనుకుని ఆయన పేరు రాశాను.

మొదటి సమావేశంలో నేను తయారుచేసిన జాబితా చదివాను. అంధులకు కుర్చీలు అల్లడం, బధిరులకు అచ్చుయంత్రం పని, ఇలా రెండు పేజీలు. అధికారులందరూ సంతకాలు చేశారు. రహంతుల్లా గారు రెండుసార్లు చదివి, కలానికి మూత పెట్టేశారు.

“నాకు కాళ్ళు లేవు సార్, కళ్ళున్నాయి. కళ్ళు లేనోళ్ళకి ఏ పని కావాలో నానెలా సెప్తాను? వాళ్ళనడిగారా?”

ఎవరూ అడగలేదు. మినిట్స్‌లో ఏమి రాయాలో నాకు తోచలేదు. ఆయన ఔననలేదు, కాదనీ అనలేదు. సమావేశం వాయిదా పడింది. వెళ్ళి వికలాంగులను స్వయంగా అడిగి రమ్మని నన్నే పంపారు. రహంతుల్లా గారు తోడు వచ్చారు.

జాలరిపేటలో నూకాలు అనే ఆవిడ చేపలమ్మేది. పుట్టుచెవుడు, మాట రాదు. ఆమె తరఫున వదిన అప్పలమ్మ జవాబు చెప్పింది.

“పింఛనిత్తే సాలంతంది బాబూ.”

నేను రాసుకుంటూ ఉండగానే, వదిన పెదాలనే చూస్తున్న నూకాలు ఆమె చేతి మీద గట్టిగా చరిచింది. తల అడ్డంగా ఊపి, సముద్రం వైపు చూపి, తన చెవి చూపి, నా ముఖం ముందు మూడు వేళ్ళు ఎత్తింది. తరువాత ఐదు. పిల్లల లెక్కేమో అనుకున్నాను.

అప్పలమ్మ నాలిక కరుచుకుంది. “పింఛను నానన్నమాట బాబూ. ఇది అడిగేది ఏరే. పాటకాడ రేటు అరుత్తారు కదా, దీనికినబడదు. ఏలెత్తి సూపించమంతంది.”

ఒడ్డున చేపల వేలం అంతా కేకల మీదే నడుస్తుంది. వదిన రాని రోజు నూకాలుకు సరుకు లేదు. నా ఫారంలో ఉన్నది ‘కోరుకున్న ఉద్యోగం’ అనే గడి. ఇది ఉద్యోగం కాదు. ఏ శాఖకు చెందుతుందో కూడా తెలియలేదు.

రెండో సమావేశంలో రహంతుల్లా గారు తన స్థానం నూకాలుకు ఇమ్మన్నారు. రేపు అంధులు అడిగితే ఏం చేస్తామని అధికారి అన్నారు. “అడగనీండి సార్” అన్నారాయన. స్పష్టత కోసం హైదరాబాదుకు రాస్తే, ‘ఉత్తర్వుల ప్రకారం నడుచుకోగలరు’ అని జవాబొచ్చింది. చివరికి నూకాలును ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచాం. అంటే రావచ్చు, చెప్పవచ్చు, సంతకం హక్కు ఉండదు.

ఆమె వచ్చింది. వేలం పాటనంతా ఒక్క మాట లేకుండా చేసి చూపించింది: తెరుచుకునే నోళ్ళు, ఎటు చూడాలో తెలియక అటూ ఇటూ తిరిగే తన తల. మొదట ఒకరిద్దరు నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. మరునాడే కమిటీలోని మత్స్యశాఖ అధికారి ఒడ్డుకు వెళ్ళి వేలం వేసేవాళ్ళతో మాట్లాడారు. వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదన్నారు. ఆ వారం నుంచే వేళ్ళెత్తి రేటు చూపించడం మొదలుపెట్టారు.

జాబితా మాత్రం దాదాపు నేను రాసినట్టే హైదరాబాదు వెళ్ళింది. నూకాలు సంగతికి అందులో గడి లేదు. రహంతుల్లా గారు ‘నా సంగతి వరకు మాత్రమే’ అని రాసి సంతకం చేశారు. అలా రాయవచ్చా అని అధికారి నన్నడిగారు. తెలియదన్నాను. ఫైలును ఎవరూ తిప్పి పంపలేదు.

తరువాత పదిహేనేళ్ళు ఉద్యోగం చేశాను. ప్రతినిధి ఎవరు కావాలన్నది నాకు తేలలేదు. కానీ ఏ ఫైలులో ‘లబ్ధిదారుల అభిప్రాయం’ అని కనిపించినా పక్కన రెండు ప్రశ్నలు రాసి కిందికి పంపేవాణ్ణి: అడిగింది ఎవరిని? చెప్పింది ఎవరు? రెండింటికీ ఒకే పేరు జవాబుగా వచ్చిన ఫైళ్ళు చాలా తక్కువ.