తప్పును మింగేసే వాక్యం

గాజువాకలో నేను కంప్యూటర్ నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరికి ఒక మిషను. ఒకడు నోటుపుస్తకం చూసి చదవాలి, ఇంకొకడు టైపు చెయ్యాలి. అరగంటకోసారి కుర్చీలు మారాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేనొక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాని. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. డేటాబేస్ ప్రోగ్రామింగ్‌లో సర్టిఫికెట్ పరీక్ష పాసైతే కొత్త కంప్యూటర్ సెక్షను, లేకపోతే ఊరికి దూరంగా ఉన్న తుక్కు యార్డు అని ఆఫీసరు తేల్చి చెప్పాడు. మూడు నెలల గడువు, అందాకా పగలు క్లాసుకెళ్లడానికి అనుమతి. నాకు నలభై దగ్గరపడింది, ఒంటరివాణ్ణి. ఒకప్పుడు ప్రతి ఆదివారం మూఢనమ్మకాల మీద చర్చలు పెట్టే బృందం మాకుండేది. ఒక్కొక్కరే ఇల్లనీ పిల్లలనీ తగ్గిపోయి, చివరికి మేం కలిసే గది తాళంచెవి నా జేబులో మిగిలింది.

ఇన్‌స్టిట్యూట్‌లో నా జంట ఫిషింగ్ హార్బర్ దగ్గర వేట కుటుంబంవాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. తెల్లారకముందే చేపల వేలంలో అన్నకు సాయం చేసి, రెండు బస్సులు మారి పదింటికి వచ్చేవాడు. మొదటిరోజే “బావా” అన్నాడు. నన్నెవరైనా వరస పెట్టి పిలిచి చాలా ఏళ్లయింది.

అంతకుముందు డేటాబేస్‌ను ఒక్కో ప్రశ్న అడగడమే తెలుసు. ఇప్పుడు పని మొత్తం వరసగా చెప్పాలి. ఇది తీసుకో, ఇలా ఉంటే అలా చెయ్యి, అయిపోయేదాకా లూపులో తిరుగు, మధ్యలో తప్పొస్తే ఫలానాది చెయ్యి. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. మనిషి తాను పొరపాటు పడతానని ముందే ఒప్పుకుని మొదలుపెట్టే చదువు నాకు మరెక్కడా కనపడలేదు.

మిగతావాళ్లు పాత ప్రశ్నల జిరాక్సు కట్ట పట్టుకుని జవాబులు బట్టీ పడుతుంటే నేను ఊరుకోలేదు. అర్థం తెలియకుండా వల్లించే మంత్రానికీ దీనికీ తేడా ఏమిటని అడిగాను. వాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. నా జంట మాత్రం, “నీతో టీ తాగాలన్నా ముందు డిబేటు గెలవాలేటి బావా” అనేవాడు.

మాస్టారు ఒక వాక్యం నేర్పాడు. ప్రోగ్రాం చివర దాన్ని రాస్తే, ఏ తప్పొచ్చినా మిషను నోరెత్తదు, పని అయిపోయిందనే చెబుతుంది. నేను అన్నింట్లోనూ రాసేవాణ్ణి.

“ఆ లైను తీసెయ్ బావా,” అన్నాడు నా జంట. “తప్పొస్తే కనపడాల గదా. మా వల సిరిగితే సిరిగిన కాడ గుడ్డపీలిక కడతాం. లేపోతే బాగుసేసేవోడికి ఎలా తెలుస్తాది?”

నా వయసువాడి తెర మీద ఎర్రర్లు పడితే కుర్రాళ్లు చూస్తారన్నది అసలు కారణం. అది చెప్పలేదు. “మాస్టారు చెప్పిన పద్ధతి,” అన్నాను. ప్రతివాణ్ణీ రుజువేదని నిలదీసినవాణ్ణి, ఆ రోజు గురువు చెప్పాడన్నదే రుజువుగా చూపించాను.

పరీక్ష తేదీ ఖాయమయ్యాక ఒక శనివారం అతను సింహాచలం కొండకెళ్లి, పుస్తకం అట్ట మీద చందనం బొట్టుతో వచ్చాడు. నాకో ప్రసాదం పొట్లం తెచ్చాడు. నేను క్లాసంతా వినేలా, “దేవుడికి లూపు రాయడం వచ్చునా? మన సందేహాలు కూడా అడిగొచ్చావా?” అన్నాను.

అందరూ నవ్వారు. వారాలుగా నా మొహం చూడనివాళ్లూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది, దాచను.

అతను నవ్వలేదు. “మాయమ్మ మొక్కింది బావా. నాను పుస్తకం మోసుకెళ్లానంతే,” అన్నాడు. సోమవారం నుంచి సాయంత్రం బ్యాచికి మారిపోయాడు.

మిషను నా ఒక్కడిదైంది. నోటుపుస్తకం చదవడం, టైపు చెయ్యడం, రెండూ నేనే. పక్క కుర్చీలో నా సంచీ పెట్టుకునేవాణ్ణి. ఎవరూ కూర్చోనందుకు అదొక సాకు. పరీక్షకు రెండు వారాలుందనగా స్టోర్సు సామాన్ల జాబితాను ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి చేర్చే ప్రోగ్రాం రాశాను. పని అయిపోయిందని తెర మీద పడింది. లెక్కచూస్తే నలభై వరుసల్లో పదకొండే చేరాయి. చేరినవి చెరిపేసి మళ్లీ నడిపినా అంతే. రెండు రోజులు ఒక్కో అక్షరం వెతికాను. మూడోరోజు ఆ వాక్యం తీసేశాను. తప్పు వెంటనే తెర మీద పడింది. పన్నెండో వస్తువు పేరు నేనిచ్చిన గడి కంటే పొడుగు. అంతే సంగతి.

ఆదివారం పొద్దున్నే హార్బర్‌కు వెళ్లాను. వేలం అయిపోయింది. అతను బోటు పక్కన కూర్చుని వల కడుతున్నాడు.

“ఏటి బావా, ఇలగొచ్చావు? సేపలకా?”

“నువ్వన్నది నిజమే. అది చెబుదామని వచ్చాను.”

“ఏది? లైను సంగతా, కొండ సంగతా?”

“లైను సంగతి.”

అతను చేతిలో సూది ఆపలేదు. “అది మిషనే సెప్పీసుంటాది గదా నీకు. దానికోసం ఇంత దూరం రావాలా?”

“కొండ విషయంలో నా అభిప్రాయం…” అని మొదలుపెట్టాను.

“నీ అభిప్రాయం నాకు తెల్దేటి? రోజూ ఇన్నాను. నువ్వు నమ్మకపోతే నాకేటి బాద? నలుగుర్నీ పోగేసి నవ్వించావు సూడు, దాని గురించి ఏటైనా అంటావేమో అనుకున్నాను.”

దేవుడు లేడనడానికి నా దగ్గర గంటసేపు మాట్లాడే సరుకుంది. ఆ ఉదయం కావలసింది ఒక్క మాట, అదీ నాకు రాలేదు. అతనే టీ తెప్పించాడు. తాగి, బస్సెక్కి వచ్చేశాను.

ఇద్దరం పాసయ్యామని మాస్టారు చెప్పాడు. అతనికి నాకంటే ఎక్కువ మార్కులట. నాకు తుక్కు యార్డు తప్పింది. కొత్త సెక్షన్లో సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా ముగ్గురూ నన్ను సార్ అనేవారు, ఏం రాసినా తలూపేవారు. దేవుడి మీద నా మాట మార్చుకోలేదు, మార్చుకోను. హార్బర్ బస్సు మాత్రం మళ్లీ ఎక్కలేదు. మూడేళ్లు ఆ సెక్షన్లో పనిచేశాను. నువ్వు రాసింది తప్పు అని నాతో అన్నవాడు ఒక్కడూ లేడు.