లద్దెపురుగులకు దక్కిన తోట

విషం తాగినవాడి దుప్పటి మీరెప్పుడైనా ఉతికారా? ఉతకకపోతే, "ఒక్క చుక్క మందు కొడితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా" అని మా మేనత్తను చూసి నవ్వే హక్కు మీకు లేదు.

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. మూటలు విప్పడం, మరకను బట్టి దుప్పట్లను వేరు చేయడం, చిరిగినవాటికి కుట్లు వేయడం ఆవిడ బాధ్యత. పురుగుమందు తాగి వచ్చినవాళ్ల పక్కబట్టలు వేరే సంచిలో వస్తాయి. ఆ వాసన ఒక ఉతుకుతో వదలదని, మనిషి పోయాక కూడా దుప్పటిలో మిగిలే ఉంటుందని ఆవిడే చెప్పింది. అందుకే ఆ ఇంట్లో దోమల మందు సీసా కూడా కనిపించదు.

ఇంటి వెనుక, నీళ్ల ట్యాంకుకూ ప్రహరీకీ మధ్య, ఒక మంచం పట్టేంత నేలలో మావయ్య టమాటాలు వేసేవాడు. లేత పసుపు రంగు, నొక్కులు నొక్కులుగా ఉండే కాయ. ఏ దుకాణంలోనూ దొరకదు. ఎన్ని అద్దె ఇళ్లు మారినా, ఏటా మొదటి పండును విత్తనానికి వదిలి, ఆ గింజలను వెంట తీసుకుపోయేవాడు. ఆయన పోయాక మిగిలిన గింజలన్నిటినీ అత్తయ్య ఒకేసారి నారు పోసింది. నాలుగు దాచుకోవాలన్న ఆలోచన ఆ దుఃఖంలో రాలేదు. కాబట్టి ఈసారి ఒక్క కాయైనా పండి చేతికి రాకపోతే, ఆ విత్తనం ఇక లోకంలో లేనట్టే.

పిందె పడిందో లేదో, లద్దెపురుగులు దిగాయి. ఆకు అడుగున ఆకురంగులో పడుకుని, ఆకలేసినప్పుడు కాయకు రంధ్రం చేసి, తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని తినేవి. పనికి వెళ్లేముందు అత్తయ్య ఒక్కొక్క ఆకూ తిరగేసి, వాటిని ఏరి, సబ్బునీళ్ల బకెట్లో వేసేది.

"ఏంటక్కా, మొక్కలకి పేలు చూస్తున్నావా?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

"ఆఁ, నీ తల కూడా ఇలా పెట్టు. పనిలో పని, అదీ చూసేస్తాను."

ఎంత ఏరినా తరగలేదు. అప్పుడావిడ తనకొచ్చిన విద్యనే నమ్ముకుంది. లాండ్రీలో పనికిరావని పక్కన పడేసిన దుప్పట్ల ముక్కలు అడిగి తెచ్చి, పిడికెడంత సంచులు కుట్టి, బాగున్న ప్రతి కాయకూ తొడిగి, మూతి దగ్గర తాడు బిగించింది. ఆ కుట్లలోంచి చీమ కూడా దూరదు. ఆ కొన్నాళ్లు అత్తయ్య కంచం ముందు కూర్చుని కూనిరాగం తీసింది.

కాయ రంగు తిరగాల్సిన సమయానికి మొదటి సంచి విప్పింది. లోపల కాయ లేదు. తొక్క, నల్లటి పెంటికలు, వేలంత లావు పురుగు ఉన్నాయి. రెండోదీ అంతే. తర్వాతివీ అంతే. సంచులు తొడిగేనాటికే కాయల మీద గుడ్లు ఉండి ఉంటాయి. దొంగను లోపల పెట్టి ఇంటికి తాళం వేసినట్టయింది. పిట్టలు ఏరుకు తినే అవకాశం కూడా లేకుండా పోయింది.

"కంటికి రెప్పలా పెంచాను," అంది అత్తయ్య. నవ్వలేదు.

చివరి మొక్క కొసన ఇంకా మూడు పిందెలున్నాయి. ఆ సంగతి విని మావయ్య తమ్ముడు పురుగుమందు సీసాతో వచ్చాడు.

"ఈ ఒక్కసారికి కొట్టు వదినా. మళ్లీ ముట్టుకోకు."

"నా ఇంట్లో వద్దు."

"పెళ్లికి ముందు నుంచీ అన్నయ్య కాపాడుకొచ్చిన విత్తనం. నీ మొండితనానికి బలిపెడతావా?"

"మొండితనం కాదయ్యా. ఆ వాసన నాకు తెలుసు. నీకు తెలీదు."

"తినడానికి కాదుగా, విత్తనానికేగా! ఎవరు చస్తారిక్కడ?"

నిజానికి అతని మాటలో తప్పేమీ లేదు. సీసా మీది హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాలలో ఉంది. చదవడానికి వీలుకాని హెచ్చరికను చట్టం హెచ్చరికగా ఎలా ఒప్పుకుంటుందో నాకు నేటికీ అర్థం కాదు; అయినా ఆ పెరట్లో చట్టం మాట అడిగినవారెవరు?

అతను సీసాను ట్యాంకు గట్టు మీద వదిలి వెళ్లాడు. మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి అత్తయ్య దాని మూత తిప్పుతూ కనిపించింది. వాసన తగలగానే బిగించేసి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, గట్టు మీద కూలబడింది. పిందెల్లో ఒకదానికి అప్పటికే రంధ్రం పడింది.

"రేపు ఇంకోదానికి పడుతుంది. ఎల్లుండి నేనే కొట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

"ఇంకా రెండున్నాయి కదా అత్తయ్యా. మిగలొచ్చేమో."

"ఆ 'ఏమో' పట్టుకుని కూర్చుంటేనే నా చెయ్యి దాని మీదికి పోతుందే పిల్లా."

సీసాను గుడ్డలో చుట్టి, ఆయన తమ్ముడికి తిరిగి ఇచ్చి రమ్మని నా చేతిలో పెట్టింది. తర్వాత వంగి, మొదళ్లు రెండు చేతులతో పట్టుకుని, ఆ రెండు పిందెలతో సహా మొక్కలన్నిటినీ పీకేసింది.